అసలుపేర్ల ఆసామి

హైటెక్ సిటీలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా అసలుపేర్ల ఆసామి ఒకడు తగులుతాడు. మెడలో ఐడీ కార్డు, ఎదురుగా లాప్‌టాప్, పక్కన చల్లారిపోతున్న సాంబారన్నం. టీమ్ లీడ్ అప్పజెప్పిన బగ్గులు సాయంత్రం దాకా ఆగుతాయి గానీ తెలుగు వికీపీడియాలో చిరంజీవి పేజీ ఆగదు. ఆ పేరు కనబడ్డ చోటల్లా 'శివశంకర వరప్రసాద్' అని దిద్దేస్తాడు. జయప్రద లలితారాణి అయిపోతుంది, మోహన్‌బాబు భక్తవత్సలం నాయుడైపోతాడు. భోజనం వేళ ముగిసేసరికి తెలుగు సినిమాలో మనకు తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలరు.

తెరపేరు వ్యాపారం కోసం పెట్టుకున్నది, విజ్ఞాన సర్వస్వానికి కావలసింది నిజం అని ఆయన వాదన. నిజమే కావాలి, అందుకే పుట్టినపేరు మొదటి వాక్యంలో పూర్తిగా ఉండాలి. ఆపైన వ్యాసమంతా జనం ఎరిగిన పేరే నడవాలి. 1978లో 'ప్రాణం ఖరీదు'లో జనం చూసిందీ చిరంజీవినే, 2024లో పద్మవిభూషణ్ వచ్చిందీ చిరంజీవికే. మరి 1955లో పుట్టిన పసివాడు చిరంజీవి ఎలా అవుతాడని ఆసామి నిలదీస్తాడు. అవడు, కానీ పేరాకో పేరు మారిస్తే చదివేవాడికి ఇద్దరు మనుషులు కనబడతారు. పేరు మారడమే కథైన చోట మాత్రం పాతపేరు రావాల్సిందే. చేంబోలు సీతారామశాస్త్రికి 1986 నాటి 'సిరివెన్నెల' సినిమా ఇంటిపేరైపోయిన వైనం చేంబోలు మాటెత్తకుండా చెప్పలేం.

ఇక్కడ ఓడితే ఆసామి ఇంగ్లిషు పద్ధతి బయటికి తీస్తాడు: ఇంటిపేరుతో రాయాలట. 'ఆ ఏడాది కొణిదెల నటించిన సినిమా బాగా ఆడింది' అంటే ఎవరిది? అన్న చిరంజీవిదా, నాగబాబుదా, పవన్ కల్యాణ్‌దా? అలాగని ఇంటిపేరు పనికిరాదనీ కాదు. గుమ్మడి, రేలంగి ఇంటిపేర్లతోనే ఇంటింటికీ తెలుసు. పుట్టినపేరా, ఇంటిపేరా, పెట్టుకున్నపేరా అన్నది కాదు లెక్క. ఏ పేరు చెబితే మనిషి గుర్తొస్తాడన్నదే లెక్క. ఈ సంగతి ఆసామికి తెలియదనుకోకండి. రాత్రి అమెరికా క్లయింటు కాల్‌లో 'వెంకీ' అనగానే పలుకుతాడు. ఆధార్ కార్డులో ఉన్న వేంకట సత్య సూర్యనారాయణమూర్తి అని ఎవరైనా పూర్తిగా పిలిస్తే, బ్యాంకువాళ్లు లోను అంటగట్టడానికి చేశారని ఫోను పెట్టేస్తాడు. రేపు ఆయన మీద ఎవరైనా పేజీ రాస్తే శీర్షిక 'వెంకీ' అనే ఉండాలి. దాన్ని దిద్దే తీరిక మాత్రం టీమ్ లీడ్ ఆయనకివ్వకూడదు.