నేడు నగదు – రేపు అరువు: ‘సారంగాపురీయ’ వ్యాఖ్యాసహితం

మూలం: నేడు నగదు – రేపు అరువు.

అవతారిక: ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. నాలుగే మాటలు. తెలుగునాట కిరాణా దుకాణం ఉన్నచోటల్లా తక్కెడ వెనక గోడ మీద, దేవుడి పటానికి కాస్త కిందుగా, గల్లాపెట్టెకు కాస్త పైగా కనిపిస్తుంది. మన వ్యాఖ్యాతల్లో మేటి కోలాచల మల్లినాథ సూరి మెదక్ సీమలోని కొల్చారం వాడు. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసినవాడు ఈ సూత్రాన్ని ముట్టుకోలేదంటే కారణం రెండిట్లో ఒకటి: ఆయన కాలానికి ఈ బోర్డు పుట్టలేదు, లేదా ఉద్దెర బాకీ పెరిగి ఆయన ఆ వాడకే పోవడం మానేశాడు. ఆ లోటు పూడ్చడానికి జగిత్యాల జిల్లా సారంగాపూర్‌లో ఒక కిరాణా దుకాణం ముందు, కిలో చక్కెర తూకమయ్యేదాకా నిలబడి ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ముందే మాట ఇచ్చాడు. నేనివ్వడం లేదు.

ప్రతిపదార్థం: నేడు = ఈ రోజు, అనగా మీరు బోర్డు చదువుతున్న రోజు, అది ఏ రోజైనా సరే; నగదు = రొక్కం; రేపు = మర్నాడు, అనగా ఇక్కడికి వచ్చేసరికి నేడైపోయేది; అరువు = అప్పుగా ఇచ్చే సరుకు.

‘నగదు’ అరబ్బీ ‘నఖ్ద్’ ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు ఉకారం తగిలించుకున్న మాట. మాట పరాయిదే గాని వస్తువు మనకు పాతదే. ఇదే జిల్లాలోని కోటిలింగాలలో గోబద, సమగోప, చిముకుల పేర్లున్న నాణేలు దొరికాయి. అంటే ఈ గోదావరి ఒడ్డున రొక్కం చేతులు మారడం మొదలై రెండు వేల ఏళ్లు దాటింది. ఉద్దెర అంతకన్నా పాతదని నా అనుమానం. అది నాణెంలాగా తవ్వకాల్లో దొరకదు గదా.

‘అరువు’ దగ్గర ఆగాలి. సారంగాపూర్‌లో ఈ మాట ఎవరూ అనరు. జగిత్యాలలో అనరు, కోరుట్లలో అనరు, సిరిసిల్లలోనూ అనరు. ఇక్కడ అనేది ‘ఉద్దెర’. ఊళ్లో ఎవరి నోటా లేని మాట గోడ మీదికి ఎందుకు ఎక్కింది? బోర్డులు అచ్చేసేవాడు ఎక్కడివాడో, వాడి తెలుగు అది అని తేలిగ్గా కొట్టెయ్యవచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక సౌకర్యం కనిపిస్తుంది. ‘ఉద్దెర లేదు’ అంటే ఎదురుగా కూర్చున్న మనిషి అన్నట్టుంటుంది. ‘రేపు అరువు’ అంటే పుస్తకం అన్నట్టుంటుంది. పుస్తకం మీద అలిగినవాడు లేడు.

పాఠాంతరాలు: ‘ఆజ్ నగద్ – కల్ ఉధార్’ అని ఉర్దూ పాఠం. ఇది మన పాఠం కన్నా లోతైనది. ఆ భాషలో ‘కల్’ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. నిన్న అని అర్థం చెప్పుకుంటే ‘ఉద్దెర నిన్నటిది, ఈ రోజు రొక్కమియ్యి’ అని వస్తుంది. బోర్డులన్నిటిలోనూ ఇదొక్కటే వాస్తవానికి దగ్గర. ‘అప్పు స్నేహానికి కత్తెర’ అనేది మరో పాఠం. నీతి ఎక్కువ, చమత్కారం తక్కువ కనుక విడిచిపెడుతున్నాను. సచిత్ర పాఠం కూడా ఉంది. ఒక పక్క నగదుకు అమ్మినవాడు బొజ్జతో, నిండిన పెట్టెతో నవ్వుతుంటాడు. ఇంకో పక్క అరువుకు అమ్మినవాడు బక్కచిక్కి, ఖాళీ పెట్టె ముందు తల పట్టుకుని ఉంటాడు. చదువు రానివాళ్ల కోసం గీసిన బొమ్మ అంటారు గాని, చదువొచ్చినవాళ్లే దాన్ని ఎక్కువసేపు చూడటం గమనించాను.

అన్వయం: సూత్రంలో క్రియ లేదు. అధ్యాహారం చేసుకోవాలి. ‘నేడు నగదు మీరు ఇవ్వాలి, రేపు అరువు మేము ఇస్తాము.’ సగంలో కర్త మారిపోయాడు చూడండి. నగదు దగ్గర ఇచ్చేవాడు మీరు, అరువు దగ్గర ఇచ్చేవాడు దుకాణం సేటు. మీ వంతు వర్తమానం, ఆయన వంతు భవిష్యత్తు. పాణిని సూత్రాల్లో కూడా ఇంత లాభసాటి పొదుపు లేదు. తారీఖు వేసి ఉంటే మర్నాడు వచ్చి నిలదీసేవాళ్లం. వెయ్యలేదు.

ఛందస్సు: నేడు – గలం. నగదు – నగణం. రేపు – గలం. అరువు – నగణం. గలమూ నగణమూ రెండూ సూర్యగణాలే. అంటే సంధి కలపకుండా చదివితే మన బోర్డు నాలుగు సూర్యగణాల నడక. ఆటవెలది రెండో పాదానికి ఐదు సూర్యగణాలు కావాలి. ఒకటి తక్కువైంది. కవి ఆ గణాన్ని ఉద్దెర పెట్టాడన్నమాట. ఇక యతి. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి చెల్లాలి. ఇక్కడ నాలుగో గణం ‘అరువు’. ‘నే’కూ ‘అ’కూ చెల్లదు. పద్యం సరిగ్గా అరువు దగ్గరికి వచ్చేసరికి తప్పింది. లక్షణవిరుద్ధమే గాని లోకవిరుద్ధం కాదు.

ధ్వని: తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో పైకి విధిలా వినిపించి లోపల నిషేధమయ్యే మాటకు ఒక గాథను ఉదాహరణగా ఇచ్చాడు. ఆ ప్రాకృత గాథ హాలుడి గాథాసప్తశతిలోది, దాని రంగస్థలం మన గోదావరి ఒడ్డే. ఒక యువతి ప్రియుణ్ని కలుసుకునే పొదరింటి దగ్గరికి రోజూ ఒక ధార్మికుడు వచ్చిపోతుంటాడు. ఆమె పొమ్మనదు. అయ్యా, మిమ్మల్ని బెదిరించే కుక్కను గోదావరి గట్టు పొదల్లోని సింహం చంపేసింది, ఇక నిర్భయంగా తిరగండి అంటుంది. వాచ్యం తిరగమని, వ్యంగ్యం ఇటు తొంగిచూడవద్దని. మన బోర్డూ అంతే. వాచ్యం ఇస్తామని. వ్యంగ్యం అడగొద్దని. కాశ్మీరందాకా పోయిన ఈ విద్య గోదావరి పక్క మండలాల్లో నేటికీ గోడల మీద ఉంది.

పూర్వపక్షం: ఇక్కడ శంక. ఉద్దెర లేనే లేకపోతే తక్కెడ కింద ఆ పొడుగాటి నోటుబుక్కు ఎందుకు? దానికి దారంతో కట్టిన పెన్సిలు ఎందుకు?

సమాధానం చూసి చెబుతున్నాను. నేను నిలబడి ఉండగానే ఒక అవ్వ వచ్చి, ‘సేటూ, కిలో నూనె, పావు చాయ్‌పత్త రాయి’ అంది. ‘పోయిన నెలది ఇంక 300 ఉన్నది అవ్వా’ అన్నాడాయన. ‘బీడీల పైసలు పడంగనే ఇస్త తియ్ బిడ్డా, యాడికి పోత’ అంది. రాశాడు. ఆమె పోయిన కాసేపటికి మోటారుసైకిలు మీద ఒక కుర్రాడు వచ్చి సిగరెట్టు తీసుకుని, ‘చిల్లర లేదన్నా, రేపిస్త’ అన్నాడు. సేటు మాట్లాడలేదు. అదే పెన్సిలుతో గోడవైపు చూపించాడు.

కనుక సిద్ధాంతమేమంటే, సూత్రానికి అధికారిభేదం ఉంది. అది పరిచయం లేనివాళ్లకు శాసనం, ఊరివాళ్లకు అర్థవాదం. ‘మొగమాటం’ అని మనం తేలిగ్గా అనేసే మాటకు పాత రూపం మొగమోటమి, అంటే ముఖం ఓడిపోవడం. ఎదుట ముఖం ఉంటే కాదనలేం. ఆ ఓటమి తప్పించుకోవడానికి సేటు కాదనే పనిని గోడకు ఒప్పజెప్పాడు. గోడకు ముఖం లేదు. అడిగి లేదనిపించుకోకముందే చదివి ఊరుకోవచ్చు కనుక అవతలివాడి ముఖమూ నిలుస్తుంది. నాలుగు మాటల ఖర్చుతో రెండు ముఖాలు దక్కాయి.

ఇంకో సంగతి. ఆ అవ్వ ‘అప్పియ్యి’ అనలేదు, ‘రాయి’ అంది. పల్లెల్లో ఉద్దెరకు క్రియ రాయడమే. గోడ మీది రాత అందరూ చదవడానికి, నోటుబుక్కు రాత ఎవరూ చదవకుండా ఉండటానికి. రెండూ ఒకే దుకాణంలో ఆరడుగుల దూరంలో ఎదురెదురుగా ఉండి, ఇన్నేళ్లలో ఒకదాన్నొకటి ఖండించుకోలేదు.

రేపు అనే మాటకు విశేషవ్యాఖ్య: సేటు నోటుబుక్కులో రేపు ఒకటి కాదు. బీడీలు చుట్టే ఇంటికి రేపంటే కూలి పైసలు పడే రోజు. పొలమున్న ఇంటికి రేపంటే వడ్లు కాంటా అయి ఖాతాలో సొమ్ము పడే రోజు. దుబాయ్, మస్కట్ పోయినవాళ్ల ఇళ్లకు రేపంటే అక్కడ జీతమిచ్చే రోజు; ఆ రేపు ఒక్కోసారి మూడు నెలలదాకా పోతుంది. ముసలివాళ్లకు పింఛను రోజు. ఎవరి రేపు ఎప్పుడొస్తుందో ఈ సేటుకు తెలిసినంత ఏ బ్యాంకు మేనేజరుకూ తెలియదు. అంతమాత్రాన ఆయన్ను ధర్మరాజును చెయ్యను. ఉద్దెర తీసుకునేవాళ్లు రేటు అడగరు, తూకం చూడరు. బాకీ ఉన్న ఇంటివాళ్లు పక్క దుకాణంలో రొక్కమిచ్చి కొనాలంటే సంచి కొంగు కింద దాచుకుని వేరే వాడ నుంచి తిరిగి రావాలి. వడ్డీ అని రాయకపోయినా వడ్డీ ఉంటుంది.

రేపు విషయంలో మనిషి బలహీనతను అమెరికా పండితుడు రిచర్డ్ థేలర్ 1981లో యాపిల్ పండ్లతో చెప్పాడు. మనకు చల్‌గల్ మామిడి మార్కెట్ ఉండగా యాపిల్ ఎందుకు, మామిడి అనుకుందాం. ఈ రోజు ఒక పండా, రేపు రెండా అంటే ఈ రోజుటి ఒక్కదానికి చెయ్యి చాచేవాళ్లుంటారు. ఏడాది తర్వాత ఒకటా, ఏడాది మీద ఒక రోజుకు రెండా అంటే ఆ ఒక్క రోజు ఆగనివాళ్లుండరు. రోజు తేడా రెండుచోట్లా ఒకటే. నేడు అనే మాట తగిలితే చాలు, బుద్ధి జారుతుంది. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మన సూత్రకర్త ‘నేడు’ పక్కన నగదును, ‘రేపు’ పక్కన అరువును ఊరకే పెట్టలేదు. ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

2016 మీమాంస: సంఖ్యాశాస్త్రం మీద నాకు నమ్మకం లేదు గాని 2016 చూస్తే భయమేస్తుంది. ఏప్రిల్ 11న యూపీఐ వచ్చింది. అక్టోబర్ 11న జగిత్యాల జిల్లా అయింది. నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత 2019లో ఆసరా పింఛను పెంచితే అదీ 2016 రూపాయలే అయింది. నోట్ల రద్దు రోజుల్లో ‘నేడు నగదు’ అనే మొదటి పాదమే చెల్లకుండా పోయింది. సేటు దగ్గర కూడా నగదు లేనప్పుడు మిగిలింది నోటుబుక్కు.

ఇప్పుడు బోర్డు సగం కనపడదు. దాని మీద క్యూఆర్ కోడ్ అతికించారు. గల్లాపెట్టె మీద చిన్న స్పీకరు పెట్టె. కొన్నిటిలో మహేశ్ బాబు గొంతు కూడా పలుకుతుందట. ఈ దుకాణంలోది ఎవరిదో ఆడగొంతు. పది రూపాయల అగ్గిపెట్టెలకు కట్టినా బస్టాండుదాకా చాటింపు వేస్తుంది. ఉద్దెర మాత్రం పాత పద్ధతిలోనే, పెన్సిలుకూ సేటుకూ మధ్య రహస్యం. ఉద్దెరను చాటడం ఆ పెట్టెకు నేర్పలేదు, నయం.

అసలు తిరకాసు బయటినుంచి కాదు, చేతిలోని ఫోనులోంచి వచ్చింది. ఫోను మన సూత్రాన్ని తిరగేసింది: నేడు అరువు – రేపు నగదు. సంధి కలపకుండా చదివితే గణాలు చెడలేదు. మళ్లీ గలం, నగణం, గలం, నగణం. యతి చూడండి: ‘నే’కూ ‘న’కూ హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. కలిసినట్టే ఉంటుంది, కలవదు. సున్నా వడ్డీ వాయిదాలూ ఈ జాతివే. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదు, అది వేరే రూపంలో వసూలవుతుందని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. చెప్పినా బోర్డులు దిగలేదు, పేరు మారింది.

అప్పు యాప్‌ల సంగతి పరిహాసానికి అందదు. 2020 చివర్లో తెలంగాణలో వాటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు కేసులు పెట్టి మనుషుల్ని పట్టుకున్నారు. ఆ యాప్‌లు తాకట్టు పెట్టించుకున్నది బంగారం కాదు, భూమి కాదు. ఫోనులోని పేర్ల జాబితా. వాయిదా తప్పగానే అక్కకూ బావకూ, పనిచేసేచోట పెద్దసారుకూ సందేశాలు పోతాయి. పైన చెప్పిన మొగమోటమినే వాళ్లు కుదువ పెట్టించుకున్నారు. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు అప్పిచ్చే యాప్ ఆ జాబితాను ముట్టుకోకూడదన్నాయి. ఈ సేటుకు కూడా ఊరంతా తెలుసు, అవ్వ కొడుకు ఏ దేశంలో ఉన్నాడో తెలుసు. అయినా 300 బాకీ సంగతి ఆమె చెవికి మాత్రమే వినపడేలా అన్నాడు. పక్కనే నిలబడి చెవి ఒగ్గిన వ్యాఖ్యాతది వేరే దోషం.

సమాప్తి: చక్కెర తూకమైంది. 45 రూపాయలు. ఫోను తీశాను. గుండ్రం తిరుగుతూనే ఉంది, సిగ్నల్ లేదు. జేబులో ఐదు వందల నోటు. సేటు దగ్గర చిల్లర లేదు. నేను గోడవైపు చూశాను. ఆయన నన్ను చూసి, ‘ఏ ఊరు సార్ మీది?’ అన్నాడు. చెప్పాను. ‘మాపటికి మల్లొస్తరా ఇటు?’ అన్నాడు. వస్తానన్నాను. పెన్సిలు తీసి నా పేరు అడిగి, పక్కన 45 వేశాడు.

ఆటవెలదికి తగ్గిన ఐదో గణం పాఠకులకు నా బాకీ. రేపు రండి, ఇస్తాను.