పొద బయట ప్రత్యక్ష ప్రసారం

ఏప్రిల్ వచ్చిందంటే జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో లోకల్ టీవీ విలేకరి గొంతు మారిపోతుంది. నీళ్ల పైపు పగిలిందని మార్చిలో మేయర్‌ని నిలదీసిన మనిషే మాస్టర్స్ గోల్ఫ్ వారంలో మైకు పెదాలకు ఆనించుకుని గుసగుసలాడతాడు. ఎవరి ఏకాగ్రత చెడుతుందనో పాపం! తను నిలబడింది వాషింగ్టన్ రోడ్డు మీద, వెనక లారీలు పోతున్నాయి.

లారీల పక్కన ఎత్తైన పచ్చని పొదల కంచె. దానికి అవతల అగస్టా నేషనల్ క్లబ్, 1934 నుంచీ పోటీ. ఇవతల మన విలేకరి, పిలుపు అందని పెళ్లికి గోడ పక్కన నిలబడి విస్తట్లో ఏమేం వడ్డిస్తున్నారో ఊరికి చెప్పే పొరుగాయనలాగా. వడ్డన సంగతి ఉత్తినే అనలేదు. పిమెంటో చీజ్ శాండ్‌విచ్ ఈసారీ డాలరున్నరేనట! ధర పెరగలేదన్నది ఏటా అక్కడ పెద్ద వార్త. తర్వాత అజేలియా పూలు విచ్చాయా లేదా. ఆ తర్వాత దాదాపు 50 డాలర్లు పోసి గడ్డం మరుగుజ్జు తోటబొమ్మ కొనడానికి తెల్లారకుండానే నిలబడ్డ క్యూ. గోల్ఫ్ ఏదీ అంటారా? పోటీ నడుస్తుండగా మైదానంలో దృశ్యాలు తీసే హక్కు ప్రసార హక్కులున్నవారిదే.

2023లో మన సాహిత్ తీగల తొలిసారి మాస్టర్స్ ఆడాడు. హైదరాబాద్ మూలాలున్న కుటుంబం, పుట్టింది కాలిఫోర్నియాలో. చివరి రోజు పదహారో హోల్ దగ్గర గ్రీన్ బయటి నుంచి అతను లేపిన బంతి వాలు పట్టుకుని దొర్లి దొర్లి గుంతలో పడింది. అర్ధరాత్రి దాటాక హైదరాబాద్‌లో కళ్లు నులుముకుంటున్నవాడూ, కంచెను ఆనుకుని వ్యానులో కూర్చున్న అగస్టా కెమెరామనూ దాన్ని చూసింది తెరమీదే.

అదలా ఉంచండి. నా ఫిర్యాదు పొద గురించి కాదు, గుసగుస గురించి. క్లబ్ భాషలో ప్రేక్షకులు ‘పేట్రన్లు’. వాళ్లను గుంపు అనకూడదు. 1966లో సీబీఎస్ వ్యాఖ్యాత జాక్ విటేకర్ నోరుజారి అలాగే అన్నాడు. మళ్లీ పిలుపు వచ్చింది 1972లో. గ్రీన్లకు బికినీ వ్యాక్స్ చేసినట్టున్నారని 1994లో చమత్కరించిన గ్యారీ మెకార్డ్‌కైతే తలుపు తిరిగి తెరుచుకోలేదు. సరే, సీబీఎస్‌కు భయపడటానికి కారణముంది. 1956 నుంచీ పోటీని ప్రసారం చేస్తోంది, ఒప్పందం మాత్రం ఏడాదికోసారి కొత్తగా రాసుకోవాలి. తిండి పెట్టేవాడి ముందు నోరు అదుపులో పెట్టుకోవడం లోకరీతి. ఒప్పందమూ లేక, దృశ్యాలూ లేక, రోడ్డు మీద నిలబడ్డ స్థానిక చానల్ దేనికి భయపడి ‘పేట్రన్లు’ అంటోంది? జీతం లేని కొలువంటే ఇదే.

గేటు బయటి కెమెరాకు నిజంగా పని దొరికిన ఏడాది ఒకటుంది. 2003లో క్లబ్‌లో ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వరెందుకని మహిళా హక్కుల కార్యకర్త మార్తా బర్క్ నిరసనకు దిగింది. వచ్చిన నిరసనకారుల కంటే విలేకరులే ఎక్కువ. ఆ ఏడాదీ మరుసటేడూ ప్రసారం ప్రకటనలు లేకుండానే సాగింది. క్లబ్ తలుపు మహిళలకు తెరుచుకున్నది 2012లో. ఈ తొమ్మిదేళ్లలోనూ శాండ్‌విచ్ వార్తకు మాత్రం ఏ లోటూ రాలేదనుకుంటాను.

విలేకరి అడగడానికి ఇంకేముందని ఎవరైనా అంటే, ఆ ఊళ్లో వార్తలకు కరువా? ఆ వారం బడులకు సెలవిచ్చేసి, ఇళ్లు అద్దెకిచ్చేసి జనం ఊరొదిలిపోతారు. ఏడాదిలో 14 రోజులకు మించకుండా సొంతిల్లు అద్దెకిస్తే ఆ రాబడిపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. దానికి అమెరికా అంతటా ‘అగస్టా రూల్’ అనే పేరు. చుట్టుపక్కల ఇళ్లను క్లబ్ ఏళ్ల తరబడి కొనుక్కుంటూ పోయింది, కొన్ని వీధులు ఇప్పుడు పార్కింగ్ పచ్చికలు. ఏడాది పొడవునా అద్దెకుండే పేదవాడు ఆ వారం ఎక్కడ తలదాచుకుంటాడు? హోటల్ గదులు దులిపే మనిషికి ఎంత మిగులుతుంది? వీళ్లను కలవడానికి పాస్ అక్కర్లేదు. క్లబ్‌లో ఉన్నట్టు వీళ్ల దగ్గర ఫోన్ల మీద నిషేధం లేదు, గట్టిగా మాట్లాడితే బయటికి గెంటేవాళ్లూ లేరు.