బెంజి బడిలో అక్షరాభ్యాసం

బెంజి ఎస్‌యూవీ కొనాలని నిశ్చయించుకున్నారా? శుభం. డబ్బు సంగతి మీరూ బ్యాంకువాళ్లూ చూసుకుంటారు. ఏ మోడల్ కొనాలన్నదే అసలు చిక్కు. కింది మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి, అదే తేలుతుంది.

మొదటి మెట్టు: అక్షరాలు దిద్దుకోండి

ఈ బండ్ల పేర్లన్నీ దాదాపుగా 'జీఎల్'తో మొదలవుతాయి. జర్మన్‌లో 'గెలెండెవాగెన్' అంటే కొండాకోనా తిరిగే బండి. అందులోంచి వచ్చిందే ఈ జీఎల్‌లోని జీ. అసలు హోదా మాత్రం మూడో అక్షరంలో ఉంటుంది: ఏ, బీ, సీ, ఈ, ఎస్. 2015కి ముందు ఎంఎల్, జీఎల్‌కే, జీఎల్ అని తలో తీరు పేరు ఉండేది. ఎదురింటాయన బండి మనదాని కన్నా పెద్దదో చిన్నదో ఒక పట్టాన తెలిసేది కాదు. కంపెనీవాళ్లు జాలిపడి ఎంఎల్‌ని జీఎల్‌ఈ చేశారు, జీఎల్‌కేని జీఎల్‌సీ చేశారు, జీఎల్‌ని జీఎల్‌ఎస్ చేశారు. ఇప్పుడు డిక్కీ మీద అక్షరం చదివితే చాలు, ముందు ఎవరు నమస్కారం పెట్టాలో తెలిసిపోతుంది.

రెండో మెట్టు: కార్లని కాదు, చుట్టాలని పోల్చండి

తోడల్లుడి దగ్గర ఏ బండి ఉందో ముందు వాకబు చేయండి. ఆయనది జీఎల్‌ఏ అయితే మీకు జీఎల్‌సీ, ఆయనది జీఎల్‌సీ అయితే మీకు జీఎల్‌ఈ. మధ్యలో ఉన్న జీఎల్‌బీ జోలికి మాత్రం పోకండి. అందులో ఏడు సీట్లు. బండిలో చోటుందని పొక్కిందా, తిరుపతి ప్రయాణానికి మనుషులు సంచులు సర్దుకుని వచ్చేస్తారు. చివరి వరసలో 168 సెంటీమీటర్ల, అంటే అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు మనిషి దాకా పడతాడని కంపెనీ లెక్క. మన చుట్టాల్లో అంతకన్నా పొడుగువాళ్లు ఎందరని! ఆ లెక్క పొరపాటున కూడా నోరు జారకండి.

మూడో మెట్టు: అంకెలు చదవండి, బానెట్ ఎత్తకండి

300 అని ఉంటే మూడు లీటర్ల ఇంజన్ అనుకోవడం అమాయకత్వం. జీఎల్‌సీ 220డీలోనూ, జీఎల్‌ఈ 300డీలోనూ ఉండేది రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజనే. పెద్దదాంట్లో దానిచేత ఎక్కువ చాకిరీ చేయిస్తారు, అంతే. ఆరు సిలిండర్లు కావాలంటే 450డీ దాకా ఎక్కాలి. ఈ రహస్యం తోడల్లుడికి తెలిస్తే మీరు ఎక్కిన అక్షరం దండగ.

షోరూం కుర్రాడు ఎలాగూ బానెట్ దాకా వెళ్లడు.

"సార్, జీఎల్‌ఈ వీల్‌బేస్ దాదాపు 3 మీటర్లు. వెనక సీట్లో కాళ్లు బారజాపుకోవచ్చు."

"మరి ముందు సీట్లో?"

"ముందు డ్రైవర్ కదా సార్ కూర్చునేది!"

నాలుగో మెట్టు: ఎన్నడూ వాడని వాటికే డబ్బు పోయండి

జీ క్లాస్ 1979 నుంచి ఆస్ట్రియాలోని గ్రాట్జ్‌లో తయారవుతోంది. సైన్యాలు వాడిన బండి. మూడు డిఫరెన్షియల్ లాకులు ఉంటాయి, 70 సెంటీమీటర్ల లోతు నీళ్లలో దిగినా నడుస్తుంది. దీన్ని ఫిలింనగర్‌లో ఇడ్లీ తినడానికి వాడాలి. డాష్‌బోర్డు మధ్యలో ఉన్న ఆ మూడు బటన్లు నొక్కడానికి కావు, పక్కసీటాయనకి చూపించడానికి. వాన పడి అండర్‌పాస్ నిండిన రోజున బండిని ఇంట్లో పెట్టి ఆటో పిలవండి. కోట్లు పెట్టి కొన్నదాన్ని ఎవరైనా తడుపుకుంటారా?

ఇంకా పైకి పోతే మేబాక్ జీఎల్‌ఎస్. తలుపు తీయగానే అడుగునుంచి మెట్టు దానంతటదే బయటికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మెట్టు చూసి చెప్పులు విడిచి ఎక్కబోతారు, కంగారు పడకండి.

అయిదో మెట్టు: పన్ను మిగిలితే అక్షరం పెంచండి

ఇలాంటి పెద్ద బండ్ల మీద సెస్సుతో కలిపి 50 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ అయింది. మిగిలినదాన్ని దాచుకోవడం పిరికివాళ్ల పని. పై అక్షరానికి పోవడమే ధర్మం. కొన్నాక జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు పూజ చేయించండి. జీఎల్‌ఏ అయినా జీఎల్‌ఎస్ అయినా టైర్ల కింద పెట్టేది నాలుగు నిమ్మకాయలే. హోదా తేడా చూపించడం కంపెనీకి చేతకాని చోటు ఇదొక్కటే.

ఆఖరి మెట్టు: ఇది కిందికి దిగేది, సెల్లార్‌లోకి

జీఎల్‌ఏ పొడవు 4.4 మీటర్లు, జీఎల్‌ఎస్ 5.2 మీటర్లు. అంటే ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన రెండు ఆటోలంత. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గడి సరిగ్గా అయిదు మీటర్లు. మూడో అంతస్తాయన జీఎల్‌ఎస్ కొన్నప్పటి నుంచి దాని మూతి జానెడు దారిలోకి వస్తోంది. రాత్రిళ్లు స్కూటర్లు గీరకుండా వాచ్‌మన్ దాని ముందు ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ బోర్లిస్తాడు. కోటి పైచిలుకు బండికి కాపలా ఆ బకెట్టే. జానెడు పొట్ట కోసం పగలంతా తిరిగే ఆ మనిషికి, రాత్రి ఈ జానెడు అదనం.

కాబట్టి షోరూంకి వెళ్లే ముందు టేపు పట్టుకుని మీ సెల్లార్‌లోకి ఒకసారి దిగండి. టేపు దొరక్కపోతే మీ వాచ్‌మన్‌ని అడగండి. బకెట్ ఎక్కడ పెట్టాల్సి వస్తుందో చూడగానే చెప్పేస్తాడు.