68 ఆటలు చాలవా?

ఈ రోజుల్లో ఆటగాడు ఎంతటివాడో తేల్చడానికి ఆట చూడక్కర్లేదు. ఫోన్ తీసి, పేరు కొట్టి, పట్టికలో అట్టడుగు వరుస చూస్తే చాలు. ఎన్ని సీజన్లు, ఎన్ని యార్డులు, ఎన్ని టచ్‌డౌన్లు. అంకె పెద్దదైతే మహానుభావుడు, చిన్నదైతే "ఓహో, అంతేనా!" ఒకప్పటి షికాగో బేర్స్ ఆటగాడు గేల్ సేయర్స్‌ని పట్టుకుని అలా "అంతేనా" అన్నవాళ్లు ఈమధ్య నాకు తరచుగా తగులుతున్నారు. అందరూ మన తెలుగు పిల్లలే. అమెరికాలోనే పుట్టి పెరిగారు కాబట్టి అమెరికన్ ఫుట్‌బాల్ గురించి వాళ్లకి తెలియనిది లేదు, పాపం. మొత్తం 68 ఆటలాడి 4,956 యార్డులు పరుగెత్తిన మనిషికి ఒహాయోలోని కాంటన్‌లో, హాల్ ఆఫ్ ఫేమ్‌లో, కంచు విగ్రహం ఎందుకు పెట్టారన్నది వాళ్ల సందేహం.

నేను షికాగోకి చదువుకోడానికి వచ్చింది 1968లో. కాలితో తన్నే ఫుట్‌బాల్ తప్ప మరోటి ఎరగను. వచ్చిన కొత్తలోనే, నవంబరు 10న, బేర్స్ జట్టులో సేయర్స్ అనే అతని మోకాలు పోయిందని ఊరు ఊరంతా దిగులు పడింది. ఎవరో ఆటగాడికి దెబ్బ తగిలితే బస్సు డ్రైవరు దగ్గర్నుంచి ప్రొఫెసరు దాకా ఇంత బాధ పడతారేమిటని వింతగా చూశాను. అప్పటికి ఆ సీజన్లో తొమ్మిది ఆటల్లోనే 856 యార్డులు పరుగెత్తి ఉన్నాడట.

మా రోజుల్లో మోకాలు పోవడమంటే ఇప్పటిలా కాదు నాయనా. ఇప్పుడు చిన్న కన్నం పెట్టి, కెమెరా దూర్చి, తెగిన లిగమెంటు స్థానంలో కొత్తది అమరుస్తున్నారు. ఏడాది తిరిగేసరికి కుర్రాడు మళ్లీ మైదానంలో ఉంటున్నాడు. అప్పుడు కాలు బారుగా కోసేవాళ్లు, కట్టు కట్టేవాళ్లు, ఆ తర్వాత వాడి అదృష్టం. అయినా 1969లో సేయర్స్ తిరిగొచ్చాడు. 1,032 యార్డులు పరుగెత్తాడు. ఆ ఏడు వెయ్యి దాటినవాడు అతనొక్కడే. అదీ ఎలాంటి జట్టులో ఉండి? పద్నాలుగు ఆటల్లో ఒక్కటి గెలిచి పదమూడు ఓడిన జట్టులో! బంతి అతని చేతికే వస్తుందని ఎదుటి జట్టుకి తెలుసు, ప్రేక్షకులకి తెలుసు, పాప్‌కార్న్ అమ్మేవాడికీ తెలుసు. తెలిసి కూడా ఆపలేకపోయారు.

ఇప్పుడైతే ఏ ఆటనైనా ఏ కోణంలోంచైనా పదిసార్లు తిప్పి చూసుకోవచ్చు. అప్పట్లో సొంత ఊళ్లో జరిగే ఆట ఆ ఊరి టీవీలో వచ్చేదే కాదు. టికెట్లన్నీ అమ్ముడైపోయినా సరే, రానిచ్చేవాళ్లు కాదు. 1973లో చట్టం చేశాక గానీ ఆ మూత తీయలేదు. డబ్బున్నవాళ్లు ఊరికి దూరంగా మోటెల్లో గది తీసుకుని అక్కడి టీవీలో చూసొచ్చేవాళ్లు. నాబోటి వాళ్లకి డబ్ల్యూజీఎన్ రేడియోలో జాక్ బ్రిక్‌హౌస్ గొంతే గతి. రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం, బేర్స్ అక్కడే సర్దుకుని ఆడేవాళ్లు. స్నేహితుడొకడు టికెట్ సంపాదిస్తే వెళ్లి ఆ చలిలో కూచుని చూశాను. సేయర్స్ అటు వెళ్తాడనుకుంటే ఇటు ఉండేవాడు. పట్టుకోడానికి దూకినవాడు గాలిని కౌగిలించుకుని లేచేవాడు. ఈ సంగతి పట్టికలో ఏ గడిలో రాస్తారు?

నేను చూసింది సగం సేయర్స్‌నే. అసలు సేయర్స్‌ని చూసినవాళ్లు 1965 డిసెంబరు 12 గురించి చెప్పేవాళ్లు. అదే రిగ్లీ ఫీల్డ్, వాన పడి బురద బురదగా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు కాలు నిలదొక్కుకోలేక జారిపోతుంటే, అప్పుడే కాలేజీ వదిలొచ్చిన ఈ కుర్రాడు ఆరు టచ్‌డౌన్లు చేశాడు. ఒకటి 80 యార్డుల పాస్ అందుకుని, ఒకటి 85 యార్డుల పంట్ రిటర్న్, మిగతా నాలుగూ పరుగెత్తి. ఒకే ఆటలో ఆరు దాటినవాడు నేటికీ లేడు. తొలి సీజన్లోనే మొత్తం 22. కెరీర్ మొత్తమ్మీద కిక్‌రిటర్న్‌లో అతని సగటు 30.56 యార్డులు. యాభై ఏళ్లు దాటినా ఆ అంకెని ఎవరూ కదల్చలేదు. అట్టడుగు వరుస చూసేవాళ్లు కాస్త పక్క గడి కూడా చూస్తే బాగుండును.

1970లో రెండో మోకాలు పోయింది. ఆ ఏడు రెండు ఆటలు, మరుసటేడు రెండు ఆటలు, అంతే. మనిషికి ముప్పై నిండలేదు. ఆడగలిగిన అయిదు సీజన్లలోనూ ఏటా ఆల్-ప్రో జట్టులో, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితాలో, ఉన్నాడు. విరమించాక అయిదేళ్లు ఆగాలన్న నియమం ఉంది కాబట్టి ఆగారు. గడువు తీరగానే, 1977లో, తొలి అవకాశంలోనే ఓటేసి లోపలికి తీసుకున్నారు. అప్పటికి 34 ఏళ్లు. అంత చిన్న వయసులో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లినవాడు ఇంకొకడు లేడు. ఓటేసింది కంప్యూటర్లు లేని పత్రికలవాళ్లు. వాళ్లు కళ్లతో చూశారు, చూసింది నమ్మారు.

ఇప్పటి సంగతికి రండి. డెన్వర్‌లో టెరెల్ డేవిస్. 1995 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండులో, 196వ వాడిగా దొరికాడు. ఆ వేసవి టోక్యోలో సన్నాహక మ్యాచ్‌లో ఒకణ్ని టాకిల్ చేసిన తీరు చూసి కోచ్‌లు అట్టేపెట్టుకున్నారు. తొలి నాలుగేళ్లలోనే 6,413 యార్డులు, అందులో 1998లో ఒక్కఏడే 2,008. వరసగా రెండు సూపర్‌బౌల్‌లు. మొదటిదాంట్లో మైగ్రేన్‌తో కళ్లు కనబడక కాసేపు బయట కూర్చుని, తిరిగొచ్చి మొత్తం 157 యార్డులు, మూడు టచ్‌డౌన్లు చేసి మేటి ఆటగాడనిపించుకున్నాడు. 1999లో, బంతి ఎదుటివాళ్లకి చిక్కితే టాకిల్ చేయబోయి, మోకాలు పోగొట్టుకున్నాడు. ఇతని అర్హత 2007లో వచ్చింది. లోపలికి ఎప్పుడు తీసుకున్నారనుకున్నారు? 2017లో! కెరీర్ మొత్తమ్మీద సేయర్స్ కంటే పది ఆటలు ఎక్కువే ఆడాడు, రెండున్నర వేల యార్డులు పైగా ఎక్కువ పరుగెత్తాడు. అయినా పదేళ్లు గుమ్మం బయట నిలబెట్టారు. కారణం? "కెరీర్ చిన్నది." మరి సేయర్స్‌ది?

అదే రోజు అదే వేదిక మీద మోర్టెన్ ఆండర్సన్ కూడా ఉన్నాడు. కిక్కరు. 25 సీజన్లు, 382 ఆటలు. ఆయన అర్హతని నేను కాదనను, అంతకాలం బంతి తన్నడం మాటలా? కానీ ఒకరి 382నీ ఇంకొకరి 78నీ ఒకే తక్కెడలో వేయాలంటేనే చిక్కు. హాల్ ఆఫ్ ఫేమ్ సర్వీసు రిజిస్టరు కాదు, ఏటా ఇంక్రిమెంట్లు కలిపి చివర్లో పెన్షన్ లెక్కగట్టడానికి. ఫ్రాంక్ గోర్‌ని తీసుకోండి. 16 సీజన్లు, సరిగ్గా 16,000 యార్డులు, చరిత్రలో మూడో స్థానం. నిబ్బరమైన మనిషి, నాకిష్టం. కానీ ఒక్క సీజన్లోనూ పరుగుల్లో లీగ్‌కి మొదటివాడు కాలేదు. సేయర్స్ అయిదేళ్లలో రెండుసార్లు అయ్యాడు. ఇంకో మాట: సేయర్స్ నాటికి సీజన్‌కి 14 ఆటలు, 1978 నుంచి 16, 2021 నుంచి 17. అంకెలు పెరగక ఏమవుతాయి?

"అయితే బో జాక్సన్ సంగతేంటి తాతయ్యా?" అని మా మనవడు నన్ను ఇరికించబోయాడు. నాలుగు సీజన్లు, 38 ఆటలు, 2,782 యార్డులు. 1991 జనవరిలో తుంటి దెబ్బతో ముగిసింది. కాంటన్‌లో ఇతనికి చోటు లేదు. చిన్న కెరీర్ల తరఫున ఇంత వాదించాను కదా, దీనికీ అవునంటానని వాడి ఆశ. అనలేదు. బో జాక్సన్ ఏటా బేస్‌బాల్ అయ్యాక, ఫుట్‌బాల్ సీజన్ మొదలైన కొన్ని వారాలకి వచ్చేవాడు. ఒక్క ఏడూ వెయ్యి యార్డులు దాటలేదు. కాలం కొద్దిదైనా పరవాలేదు, ఉన్నంతకాలం పూర్తిగా అక్కడ ఉండాలి. ఉన్నంతకాలం అందరికంటే ముందుండాలి. వాడు ఊరుకోలేదు. 1987లో సియాటిల్ మీద సోమవారం రాత్రి ఆట తీసి చూపించాడు. 221 యార్డులు, అందులో ఒకే పరుగు 91, గీత దాటి కూడా ఆగకుండా సొరంగంలోకి దూసుకుపోయాడు. రెండుసార్లు పెట్టించుకుని చూశాను. ఒప్పుకున్నాను, అంతటి పరుగు సేయర్స్‌లో కూడా చూడలేదు. అయినా నా ఓటు పడదన్నాను.