ముందు కూర్చున్నవాడిదే ఆకాశం

లండన్ విమానాశ్రయాల స్లాట్ల సమన్వయకర్త గారి దివ్య సముఖానికి,

విషయం: అట్లాంటిక్ దాటే విమానాలు హీత్రోలో దిగాలా, గాట్విక్‌లో దిగాలా అన్నది అసలు ఎవరు తేలుస్తున్నారో తెలియజేయమని విన్నపం.

ఆర్యా,

హైదరాబాద్‌లో ఎక్కి, లండన్‌లో మారి, అమెరికాలో పిల్లల దగ్గర దిగే తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. మీ దేశంలో నాకు ఓటు లేదు, ఇల్లూ లేదు. టికెట్టు మాత్రం ఉంది. ఆ ఒక్క హక్కుతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

విమాన కంపెనీవాళ్లు పటం పరుచుకుని, లెక్కలు వేసుకుని, ఏ విమానాశ్రయం లాభమో చూసుకుంటారని మావాళ్లంతా అనుకుంటారు. లెక్కలు వేస్తారు, కాదనను. లండన్ నడిబొడ్డు నుంచి హీత్రో 23 కిలోమీటర్లు, గాట్విక్ సుమారు 45. హీత్రోలో రెండు రన్‌వేలు, గాట్విక్‌లో చాలాకాలంగా విమానాలన్నీ ఒక్క రన్‌వే మీదే దిగి ఎగురుతున్నాయి. హీత్రోలో దిగినవాడికి ఢిల్లీకో, దుబాయ్‌కో, హైదరాబాద్‌కో మరో విమానం సిద్ధంగా ఉంటుంది. ముందు సీట్లకు వేలల్లో చెల్లించే బ్యాంకు ఉద్యోగులూ అక్కడికే వస్తారు. హీత్రో, న్యూయార్క్ కెనడీ విమానాశ్రయాల మధ్య ఒక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ రాబడే 2018 ప్రాంతంలో ఏడాదికి వంద కోట్ల డాలర్లు దాటిందని ఓఏజీ సంస్థ అంచనా కట్టింది. ఇంత తెలిశాక గాట్విక్‌ను కోరి ఎంచుకునేదెవరు?

కోరుకుంటే సరిపోదు కదా, స్లాటు ఉండాలి, అంటే ఫలానా వేళకు దిగడానికో ఎగరడానికో తమరి చిట్టాలో పేరుండాలి. హీత్రోలో ఏడాదికి 4,80,000 రాకపోకలకు మించి వీల్లేదని అయిదో టెర్మినల్‌కు అనుమతి ఇచ్చినప్పుడే షరతు పెట్టారు. అవి ఎప్పుడో నిండిపోయాయి. దాదాపు సగం ఒక్క బ్రిటిష్ ఎయిర్‌వేస్ చేతిలోనే ఉన్నాయి.

మా దగ్గర ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాగానే కిటికీలోంచి జేబురుమాలు విసిరి సీటు ఆపుకుంటారు. ఆ రుమాలు చెల్లేది ఆ ఒక్క ట్రిప్పుకే. తమరి పద్ధతిలో ఒకసారి రుమాలు వేసినవాడికి ఆ సీటు పై ఏడాదికీ, ఆపై ఏడాదికీ ఖాయం. సీజన్‌లో నూటికి ఎనభై వంతులు విమానం నడిపితే చాలు, వచ్చే ఏడాది అదే సీజన్‌లో అదే స్లాటు మళ్లీ వాడిదే. కొత్తవాళ్లకు అన్యాయం జరగకూడదని, మిగిలిన స్లాట్లలో సగం వాళ్లకే కేటాయించాలని నియమం కూడా రాసుకున్నారు. మిగిలేది సున్నా అయినప్పుడు అందులో సగం ఎంతో తమరికి నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఎనభై వంతుల వ్రతం ఎంత నిష్ఠగా సాగుతుందో 2006-07 చలికాలంలో లోకమంతా చూసింది. బ్రిటిష్ మెడిటరేనియన్ అనే కంపెనీ తాష్కెంట్ సర్వీసు ఆపేసింది. స్లాటు పోతుందన్న భయంతో హీత్రో నుంచి కార్డిఫ్‌కు ఒక ఎయిర్‌బస్‌ను వారంలో ఆరు రోజులు నడిపింది. టికెట్లు అమ్మలేదు, ఎక్కేవాళ్లూ లేరు, దిగేవాళ్లూ లేరు. పైలట్లు ఎక్కారు, ఇంధనం కాల్చారు, వేల్స్‌లో దిగారు, తిరిగొచ్చారు. చిట్టాలో మాత్రం అది నిఖార్సయిన విమానం. 2020లో కరోనా వచ్చి జనం ఇల్లు కదలని వేళ కూడా ఖాళీ విమానాల గొడవ లేచింది. ఆ నియమాన్ని కొంతకాలం పక్కన పెడితే తప్ప అది సద్దుమణగలేదు.

పాత చరిత్ర ఇంకా రుచిగా ఉంటుంది. 1977లో బ్రిటన్, అమెరికా కుదుర్చుకున్న రెండో బెర్ముడా ఒప్పందం ప్రకారం హీత్రోకు రాగల అమెరికా కంపెనీలు రెండంటే రెండే, పాన్‌యామ్, టీడబ్ల్యూఏ. 1991లో ఆ రెండు కుర్చీలను యునైటెడ్, అమెరికన్ కొనుక్కున్నాయి. డెల్టా, కాంటినెంటల్, నార్త్‌వెస్ట్‌ల గతి గాట్విక్. కంపెనీలకే కాదు, ఊళ్లకూ అంటరానితనం పాటించారు. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా విమానాలు హీత్రో గడప తొక్కకూడదు. వై2కె రోజుల్లో చెన్నై నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో బయలుదేరి డాలస్‌లో కొత్త ఉద్యోగంలో చేరబోయే మా కుర్రాడు హీత్రోలో దిగి, ఇమ్మిగ్రేషన్ వరసలో నిలబడి, రెండు పెద్ద సూట్‌కేసులు బెల్టు మీంచి లాక్కుని, కోచ్ ఎక్కి, ఎం25 రింగురోడ్డు మీద ట్రాఫిక్ చూసి గుండెలు బాదుకుంటూ గాట్విక్ చేరాలి. అతని చేత అంత పని చేయించింది రెండు ప్రభుత్వాల సంతకాలు.

2008 మార్చి ఆఖర్లో ఆ ఒప్పందం స్థానంలో కొత్తది తెచ్చి ఆకాశం తెరిచారు. గాట్విక్‌లో ఉన్న అమెరికా కంపెనీలు హీత్రోకు ఎగబడ్డాయి. కాంటినెంటల్ నాలుగు జతల స్లాట్లకు 20.9 కోట్ల డాలర్లు పోసింది. 2016లో ఒమన్ ఎయిర్ ఒక్క జతకు ఏడున్నర కోట్ల డాలర్లు ఇచ్చిందని వార్త. పొద్దున దిగే స్లాటుకు గిరాకీ మరీ ఎక్కువ. అమెరికాలో సాయంత్రం బయలుదేరినవన్నీ తెల్లారేసరికి మీ నెత్తిన ఉంటాయి మరి.

ఇక్కడే నాలాంటి మందబుద్ధికి ఒక సందేహం. స్లాటును తమరు ఉచితంగా ఇచ్చారు. పుచ్చుకున్నవాడు కోట్లకు అమ్ముకున్నాడు. అమ్మకం అనరాదట, మార్పిడి అనాలట. పనికొచ్చే స్లాటు ఒకడు ఇస్తాడు, ఎవరికీ అక్కరలేని వేళలో ఉన్న స్లాటు రెండోవాడు ఇస్తాడు, బల్ల కింద కాకుండా బల్ల మీదే డబ్బు చేతులు మారుతుంది. గెర్న్సీ దీవివాళ్లు తమ హీత్రో విమానం ఇలాగే పోయిందని కోర్టుకెక్కితే, మార్పిడితో పాటు డబ్బు ముట్టినా తప్పు లేదని 1999లో హైకోర్టు తేల్చింది. దేవుడి మాన్యం కౌలుకు తీసుకున్నవాడు దాన్నే రిజిస్టరు చేసి అమ్ముకుంటే మా దగ్గర కనీసం ధర్నా అయినా జరిగేది.

తమరి జవాబు నాకు తెలుసు. నియమాలు నేను రాయలేదు, అమలు చేసేవాణ్ణి మాత్రమే అంటారు. నిజమే, అందుకే ఈ లేఖ బహిరంగంగా రాశాను, రాసినవాళ్లూ చదువుతారని. విమానాలు కొని, సిబ్బందిని పెట్టుకుని, ఒక దారి నిలబెట్టడానికి ఏళ్లు పడతాయి, ఆరు నెలలకోసారి స్లాటు లాక్కుంటే ఎవడు పెట్టుబడి పెడతాడు అని కూడా అంటారు. అదీ న్యాయమైన మాటే. ఆరు నెలలకు వద్దు. శాశ్వతంగానూ వద్దు. రెండింటి మధ్య బోలెడు చోటుంది. అమెరికా కంపెనీ జెట్‌బ్లూ 2021లో హీత్రోలో కాలు పెట్టడానికి ప్రపంచాన్ని ముంచిన ఒక మహమ్మారి వచ్చి స్లాట్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. పోటీ కోసం ప్రతిసారీ మహమ్మారినే నమ్ముకోలేం కదా.

కావున తమరికి నా విన్నపాలు మూడు.

ఒకటి, స్లాటును పది, పదిహేనేళ్ల లీజుకు ఇవ్వండి. గడువు తీరాక అందరి ఎదుటా వేలం వేయండి. వచ్చిన సొమ్ములో కొంత హీత్రో పక్కనున్న హౌన్‌స్లోలో విమానాల మోత కింద నిద్ర పోగొట్టుకుంటున్న జనానికి పంచండి. ఇన్నాళ్లూ అసలు అద్దె కట్టింది వాళ్లే.

రెండు, ఎనభై వంతుల లెక్కలో విమానాలను కాదు, అందులో కూర్చున్న మనుషులను లెక్కపెట్టండి. ఖాళీ సీట్లను కార్డిఫ్ తిప్పి తెచ్చినవాడికి సున్నా వేయండి.

మూడు, మార్పిడిలో ఎంత ముట్టిందో చిట్టాలో పక్కనే రాయండి. మా టికెట్టులో అది ఎంత వంతో మేమే భాగించుకుంటాం.

ఇవి జరిగాక కూడా కంపెనీలన్నీ హీత్రోనే కావాలంటే అలాగే కానివ్వండి. కాకపోతే డబ్బు పెట్టలేనివాడు గాట్విక్‌కు పోయి, టికెట్టు ధర తగ్గించి, హీత్రోవాడి చేత కూడా తగ్గింపజేస్తాడేమోనని నా దురాశ.

ఇట్లు,
తమ విధేయుడు,
మారు విమానం కోసం కూర్చున్న ఒక ప్రయాణికుడు

ప్రతి: గాట్విక్ విమానాశ్రయం వారికి, సమాచారం నిమిత్తం. స్లాటు దొరికితే కబురు చేస్తాం.