ఓడెక్కినా వీఐపీ బంతే

జగిత్యాలకు సముద్రం లేదు, కోరుట్లకు లేదు. సిరిసిల్లకు మధ్యమానేరు ఉంది గానీ అందులో పదంతస్తుల ఓడ తిరగదు. అయినా ఈ మూడు ఊళ్లలో ఇప్పుడు క్రూజ్ ముచ్చట నడుస్తోంది. దుబాయిలో స్థిరపడ్డ కొడుకు చలికాలంలో అవ్వనూ బాపునూ విజిట్ వీసా మీద పిలిపించుకుని అక్కడి రేవులో ఓడ ఎక్కిస్తాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే బిడ్డ, 2022 జూన్‌లో విశాఖ నుంచి ‘ఎంప్రెస్’ క్రూజ్ ఓడ బయల్దేరిన వార్త చూసిన నాటి నుంచి ‘మనమూ పోదాం’ అంటూనే ఉంది.  ఎక్కేదాకా అంతా సంబురమే. ఎక్కినంక పంచాయితీ మొదలు: టికెట్లోనే తిండి ఉన్నది కదా, మళ్లీ ఓడలోనే వేరుగా ఉండే స్పెషాలిటీ రెస్టారెంట్‌కు పైసలు కట్టాల్నా, వద్దా?

నా తీర్పు ముందే చెప్తా. కట్టొద్దు. ఎందుకని అడిగితే మాత్రం కొంచెం తిట్లు కూడా వినాలి.

అసలు ఈ ప్రశ్న మన దిక్కోళ్లు అడగడమే విచిత్రం. ‘ఫ్రీ వీసా’కు లక్షలు పోసి గల్ఫ్ విమానం ఎక్కినోళ్లం మనం. ‘తిండీ రూమూ కంపెనీదే’ అని ఏజెంటు చెప్తే తలూపి, అక్కడ దిగినంక ఆ తిండి ఖర్చు జీతంలోనే కలిసి ఉన్నదని తెలుసుకున్నోళ్లం. ‘అన్నీ అందులోనే’ అన్న మాట చెవిన పడగానే మన చెయ్యి దానంతటదే జేబు మీదికి పోవాలి. పోదు. ఎందుకంటే ఈసారి ఏజెంటు టై కట్టుకున్నాడు, ఇంగ్లీషులో నవ్వుతున్నాడు.

మొదటి సాయంత్రం చూడండి. బఫే వాకిట్లోనే చిన్న బల్ల, దాని వెనక ఇస్త్రీ బట్టల మనిషి, చేతిలో మెరిసే మెనూ. ‘ఈ రాత్రికి మాత్రమే తగ్గింపు సర్!’ తగ్గింపు ఎందుకంటే, మొదటి రాత్రి జనానికి ఓడలో దారులు తెలియవు, పెట్టెలు గదికి చేరవు, ఆ స్పెషాలిటీ హోటళ్లలో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కాదనలేని మొహమాటస్తుణ్ని ఆ మనిషి పదడుగుల దూరం నుంచే పోల్చుకుంటాడు. అక్కడ తింటే తలకు 40 నుంచి 60 డాలర్లు. చాలా కంపెనీల్లో దాని మీద 18 నుంచి 20 శాతం సర్వీసు చార్జీ. రాయల్ కరీబియన్ కంపెనీ 2023 లెక్కలో దాదాపు 1,390 కోట్ల డాలర్ల రాబడి ఉంది. అందులో 430 కోట్లకు పైగా టికెట్ల మీద వచ్చింది కాదు. మందు, జూదం, ఒడ్డు మీది షికార్లు, ఇదిగో ఈ స్పెషల్ తిండి, ఇట్లాంటివన్నీ కలిపి వచ్చింది. మూడు రూపాయల్లో దగ్గర దగ్గర ఒక రూపాయి, మనం ఎక్కినంక గుంజిందన్నమాట. టికెట్ చవకగా దొరికిందని మురిసిపోతున్న అల్లుడుగారు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.

ఇంతకీ ఆ మామూలు డైనింగ్ హాల్లో ఏం తక్కువ? తెల్లగుడ్డ పరిచిన బల్లలు, వరసగా వచ్చే వంటకాలు, అడిగి వడ్డించే మనుషులు. రెండో ప్లేటు అడిగినా చాలా ఓడల్లో పైసా తీసుకోరు. మన పెద్దకొడుకు పెళ్లిలో కూడా అంత మర్యాద జరగలేదు. తక్కువైంది ఒక్కటే, అందరూ అక్కడే తింటారు. స్పెషాలిటీ వాకిట్లో అమ్మేది కూర కాదు, ఎచ్చులు.

ఎచ్చుల సంగతి మనకు ఓడ నేర్పాలా! కోరుట్లలో ఏ ఫంక్షన్ హాలుకైనా పొండి. బయట అందరికీ బంతి. లోపల ఏసీ గది, కుర్చీలకు ముసుగులు, ముసుగులకు రిబ్బన్లు, బల్ల మీద చిన్న నీళ్ల సీసాలు, తలుపు దగ్గర ఎవర్ని రానియ్యాలో కళ్లతోనే తూచే మేనమామ. బగార అన్నమూ మటనూ రెండు దిక్కులకూ ఒక్క బగోనె నుంచే పోతాయి. లోపలికి పోయేది నలభై అడుగులు ఎక్కువ నడిచి, కొంచెం చల్లారి పోతుంది. బయట కూచున్నోడు ‘ఏ తమ్మీ, మూలుగ బొక్క చూసి వెయ్యి’ అని గట్టిగా అడిగి వేయించుకుంటాడు. లోపల కూచున్న వీఐపీ అడగలేడు, పక్కన ఎమ్మెల్యే ఉన్నాడు. అర్ధాకలితో లేచి చెయ్యి కడుక్కుని, ‘ఏర్పాట్లు మస్తుగున్నయి’ అని చెప్పి పోతాడు. ఆ గదిలోకి పిలవలేదని అలిగి కట్నం చదివించకుండా పోయిన బావలు మన దగ్గర కరువా? ఓడ కంపెనీ చేసిందల్లా ఆ గదికి టికెట్ పెట్టడమే.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇది కూడా చెప్తా. ఎక్కువ పైసలు పెట్టి తినడం నాకేం పాపంగా కనిపించదు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూరు దాటి అంకాపూర్ దాకా బండి తోలుకుపోయి నాటుకోడి తిని వచ్చేది మనమే. అక్కడ ముందే చెప్పాలి, చెప్పినంకనే కోడి కూర అవుతుంది. మన కోసమే పొయ్యి మీదికి ఎక్కుతుంది. కుర్చీకి రిబ్బను ఉండదు, కూరకు మాత్రం లెక్క ఉంటుంది. ఓడలో కూడా అట్లా మనం అడిగినంకనే, మనకు నిజంగా ఇష్టమైనదే వండిపెడితే, కట్టండి. పచ్చిచేప అంటే ప్రాణం పెట్టేవాళ్లు నిరభ్యంతరంగా జపాన్ గదిలోకి పొండి. కానీ బాపుకు ఏం ఒరుగుతుంది? పొలాస పరిశోధన కేంద్రం ఇచ్చిన జగిత్యాల సన్నాల అన్నం తిన్న నాలుక ఆయనది. ఆయన ముందు రిసొట్టో పెడతారు. మెతుకుకు మెతుకు అంటుకునేలా వండిన అన్నం. ఇంట్లో అవ్వ అట్లా వండిన రోజు కంచం పక్కకు జరిపి లేచిపోయిన మనిషే, ఇక్కడ ‘బాగుంది కొడుకా’ అంటాడు. యాభై డాలర్లు పోసిన కొడుకు మనసు నొప్పించలేక. అవ్వకు ఈ మర్యాద నలభై ఏళ్లలో ఒక్కసారీ దక్కలేదు. ఇక ‘మీడియం రేర్’ అని ఒకటి వస్తుంది. మాంసం ఇంకా ఎర్రగానే ఉందని బాపు, అదే పద్ధతి అని కొడుకు. చివరికి వెయిటర్ మిరపకారం సీసా వెతకడానికి పోతాడు.

బాపు బాగుందన్న ఆ రాత్రి లెక్క చూద్దాం. నలుగురికి తలకు 50 చొప్పున 200 డాలర్లు, 18 శాతం కలిపితే 236. దిర్హమ్‌లలో దాదాపు 867. అదే దుబాయిలో, అదే కోరుట్ల నుంచి పోయి లేబర్ క్యాంపులో పైమంచం మీద పడుకునే తమ్ముడి నెల జీతం చాలాసార్లు 1,000, 1,200 దిర్హమ్‌ల దగ్గరే ఆగుతుంది. అతని నెలలో ముప్పావు వంతు మన బల్ల మీద రెండు గంటల్లో అయిపోయింది, ఆకలి తీరకుండానే. గదికి వచ్చి బాపు అడిగే మొదటి మాట: ‘కింద బఫే ఇంకా ఉన్నదా?’

ఒక్క పూట తిండికి రెండుసార్లు గుంజే ఈ పద్ధతి ఎప్పటి నుంచీ ఇంతేనా అంటే కాదు. 1905లో జర్మనీ వాళ్ల ‘అమెరికా’ ఓడ మీద రిట్జ్-కార్ల్‌టన్ పేరుతో వేరుగా పైసలిచ్చి తినే హోటల్ వచ్చింది. 1912లో టైటానిక్ మీద కూడా అట్లాంటిదే ఉంది, లుయిజీ గాట్టి అనే ఇటలీ మనిషి నడిపాడు. అప్పటి మొదటి తరగతి కోటీశ్వరులకు కంపెనీ పెట్టిన నిబంధన చూడండి: ప్రయాణం పొడుగునా ఆ హోటల్లోనే తింటే, టికెట్లోని తిండి వాడుకోలేదు కాబట్టి, 35 పౌండ్ల దాకా టికెట్ మీద 3 పౌండ్లు, అంతకు మించితే 5 పౌండ్లు తగ్గింపు. మునిగిపోయిన ఓడకు ఉన్నపాటి న్యాయం ఇప్పుడు తేలుతున్న ఓడలకు లేదు. ఇవాళ మామూలు డైనింగ్ హాల్లో మన కుర్చీ ఖాళీగా ఉంటుంది, దాని పైసలు వాళ్ల దగ్గర ఉంటాయి, స్పెషాలిటీ గదిలో కూచున్నందుకు ఇంకోసారి కడతాం.

కాబట్టి బఫే వాకిట్లో మెనూ పట్టుకుని నవ్వే మనిషితో కొడుకు ఇంగ్లీషులో బేరం మొదలుపెట్టకముందే, బాపు ముందుకొచ్చి తెలుగులోనే అడగాలి: ‘ఇక్కడ తింటే, అక్కడిది ఎంత తగ్గిస్తవు బిడ్డా?’