ఎర్ర గడి బయట

శంషాబాద్ విమానాశ్రయంలో చేతిసంచులు తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రానికి తెరను నేను. బెల్టు మీద బ్యాగు లోపలికి వెళ్లగానే అందులో ఉన్నదంతా నా మీద పరుచుకుంటుంది. ఎదుట కూర్చున్న సీఐఎస్‌ఎఫ్ ఉద్యోగినికి దాన్ని చూసేందుకు దొరికేది కొన్ని క్షణాలే.

ఆ కాస్త సమయంలో ఆమెకు మొదటి ఆసరా రంగు. నిజానికి ఎక్స్‌రేకి రంగు ఉండదు. రెండు రకాల శక్తి ఉన్న కిరణాలు ఒక్కో వస్తువులో ఎంతెంత ఆగిపోయాయో పోల్చి, ఆ పదార్థపు పరమాణు సంఖ్యను అంచనా కట్టి, కంప్యూటరే రంగులు వేస్తుంది. తిండి, బట్టలు, ప్లాస్టిక్ నారింజ రంగులో వస్తాయి. ఇనుము, రాగి నీలం. గాజు, అల్యూమినియం ఆకుపచ్చ. కిరణం దూరలేనంత దట్టమైనది నలుపు. అమెరికా వెళ్లే కొడుక్కి అమ్మ డబ్బాలో పెట్టిచ్చిన సున్నుండలు నారింజ ముద్దల్లా కనిపిస్తాయి. చిక్కేమిటంటే ప్లాస్టిక్ పేలుడు పదార్థానిదీ ఆ రంగే. పక్కన వైరు ఉందా, బ్యాటరీ ఉందా అన్నది ఆమె కళ్లే వెతకాలి.

అనుమానం తగిలిన చోట కంప్యూటరు నా మీద ఎర్ర గడి గీస్తుంది. చూపు వెంటనే అక్కడికి వెళుతుంది. మంచిదే. కానీ గడిలో ఉన్నవి సున్నుండలేనని తేలాక మనసు తేలికపడితే, అదే బ్యాగు మూలన ఏ గుర్తూ లేని చాకు దాటిపోవచ్చు. సైనికులు వాడే తెరల మీద జరిగిన ప్రయోగాల్లోనూ ఇదే బయటపడింది: గుర్తు పెట్టిన లక్ష్యం త్వరగా దొరికింది, గుర్తు లేనిది, అంతకంటే ముఖ్యమైనది, తప్పిపోయింది. అందుకే గడి బయట కూడా అంతే ఓపికగా వెతికే కళ్లంటే నాకు గౌరవం.

అరుదైనదాన్ని పట్టుకోవడం మరీ కష్టం. పరిశోధకుడు జెరెమీ వోల్ఫ్ బృందం 2005లో 'నేచర్' పత్రికలో ఆ లెక్క చూపించింది. వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు జనం 7 శాతం సార్లే దాన్ని చూడలేకపోయారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు ఆ తప్పు 30 శాతానికి పెరిగింది. నిజమైన బ్యాగుల్లో ఆయుధం అంతకంటే ఎంతో అరుదు. చూపు అలసిపోకుండా, ఐరోపాలో సాధారణంగా ఏకబిగిన 20 నిమిషాలకు మించి తెర చూడకూడదనే నియమం ఉంది. ఇలాంటి యంత్రాలు అప్పుడప్పుడు నిజం బ్యాగు చిత్రంలో తుపాకీ బొమ్మనో, బాంబు బొమ్మనో కలిపి చూపిస్తాయి, కళ్లు నిద్రపోకుండా. ఆమె అనుమానించి బటన్ నొక్కగానే అది పరీక్ష అని చెప్పి బొమ్మను తీసేస్తాయి. ఆ తర్వాత ఆమె అదే బ్యాగును మళ్లీ మొదటి నుంచి చూడాలి. బొమ్మ నకిలీదే అయినా బ్యాగు నిజమైనదే కదా.